తొమ్మిదో నంబరు గడియారం

చదరంగం పోటీల్లో ఆర్బిటర్ ఏం చేస్తాడని నన్ను చాలామంది అడిగారు. మా ఆవిడ లక్ష్మి అయితే "ఇద్దరు ఆడుకుంటుంటే మూడోడు నిలవడి సూసుడు గూడ ఒక పనేనా?" అని పాతికేళ్లు ఎగతాళి చేసింది. ఆమె అన్నదాంట్లో సగం నిజమే. నిలబడి చూడడమే మా పని. చూసింది చూసినట్టు చెప్పడం మిగతా సగం. ఆ రెండో సగంలో నేను ఒకసారి తప్పాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నియమాల పుస్తకం ఎవరైనా ఇస్తారు. నేను తప్పింది ఎక్కడో మాత్రం నేనే చెప్పాలి.

బోర్డు మీది పేర్లు

నా పేరు స్వామి. అసలు ఉద్యోగం నాచారంలో ఒక రసాయనాల ఫ్యాక్టరీలో. ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్‌ని. ఆవిరి ఒత్తిడి చూపే గేజీలు, వేడి చూపే మీటర్లు సరిగ్గా చూపిస్తున్నాయో లేదో పరీక్షించడం, బాగుచేయడం. సెలవు దొరికినప్పుడల్లా ఆర్బిటర్‌ని. ఎక్కువగా పనిచేసింది ఫ్యాక్టరీ కార్మికులకు ఏటా జరిగే జాతీయ చదరంగం పోటీలో. పోటీ ఒక్కో ఏడాది ఒక్కో ఊళ్లో జరిగేది గానీ, దాని ఆఫీసు మాత్రం ఉప్పల్‌లోనే, ఒక యూనియన్ ఆఫీసు పైన ఉన్న చిన్న గదిలో ఉండేది. ఆ గది గోడకు ఒక చెక్క బోర్డు. దాని మీద ప్రతి ఏటి విజేత పేరు, పక్కన అతను పనిచేసే కంపెనీ పేరు. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని రాసే పని నాకే అప్పజెప్పారు.

జాతీయ విజేతల చరిత్ర అంటే మీరు గొప్ప గొప్ప ఎత్తులు ఊహించుకుంటారేమో. ఆ బోర్డు దగ్గర నిలబడితే నాకు ఎత్తులు గుర్తుకు రావు. మొదటి విజేత నాచారంలోనే ఒక మిల్లులో ఫిట్టర్. ఆట మొదలయ్యే ముందు గోళ్లలో గ్రీజు పోయేదాకా చేతులు తోముకుని వచ్చేవాడు. వరసగా మూడేళ్లు గెలిచాడు. తర్వాత మిల్లు మూతపడింది. బోడుప్పల్‌లో ఒక అపార్ట్‌మెంటు గేటు దగ్గర కుర్చీ వేసుకుని, జేబులో పట్టే బోర్డు మీద ఒక్కడే రెండు వైపులా ఆడుకుంటుంటే చూశాను. పలకరిస్తే "గిప్పుడు నేనెట్లన్న గెలుస్త స్వామీ, ఓడేటోడు గూడ నేనే" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఆ తర్వాత వచ్చినవాళ్లలో ఒక వెల్డర్ ఉన్నాడు. ఎదుటివాడి మొహం ఎన్నడూ చూడడు, బోర్డు దాటి కళ్లెత్తడు. రెండు వేల సంవత్సరం దాటాక కంప్యూటర్ మీద నేర్చుకున్న కుర్ర ఇంజనీర్లు వచ్చారు. ఇంట్లో బట్టీపట్టిన ఎత్తులు చకచకా పెట్టేసి గంటలో లేచిపోయేవాళ్లు. వాళ్ల ఆట గట్టిదే, కాదనను. నాకు మాత్రం చూడబుద్ధి అయ్యేది కాదు. ఆ బోర్డులో సగానికి పైగా కంపెనీలు ఇప్పుడు లేవు. వాటి గోడలు పడగొట్టి ఫ్లాట్లు కట్టారు, గోదాములు పెట్టారు. విజేతల పేర్ల కంటే ఆ కంపెనీల పేర్లు చదివితేనే నాకు గుండె కలుక్కుమనేది.

అదే బోర్డులో ఆడవాళ్ల వరసలో ఒక పేరు ఉంది. నా చేత్తో నేనే రాశాను. రాసేటప్పుడు అది అక్కడ ఉండాల్సిన పేరు కాదని నాకు తెలుసు.

బొట్టు పెట్టిన గడియారాలు

ఇప్పటి పిల్లలకు డిజిటల్ గడియారాలే తెలుసు. మేం చాలా ఏళ్లు కీ ఇచ్చే గడియారాలతో నడిపించాం. ఒక చెక్క పెట్టెలో రెండు ముఖాలు, ఇద్దరు ఆటగాళ్లకు చెరొకటి. పన్నెండు అంకె పక్కన చిన్న ఎర్ర జెండా. పెద్దముల్లు పన్నెండుకు దగ్గరపడుతుంటే జెండాను మెల్లగా పైకి లేపుతుంది, పన్నెండు మీదికి రాగానే జెండా టక్కున పడిపోతుంది. జెండా పడేలోగా నలభై ఎత్తులు పూర్తి కావాలి. ఎత్తు వేసి, గడియారం మీట నొక్కితేనే పూర్తయినట్టు. కాకపోతే ఓటమి, బోర్డు మీద ఎంత గెలిచే స్థితిలో ఉన్నా సరే.

మా దగ్గర అలాంటివి ముప్పై దాకా ఉండేవి. కొన్నిటి జెండాలు అరిగిపోయి, ముల్లు పన్నెండు చేరకముందే పడేవి. ఫ్యాక్టరీలో ఒక పద్ధతి ఉంది. తప్పు చూపే గేజీకి ఎర్ర ట్యాగు కడతాం. ట్యాగు కట్టిన గేజీ బాగయ్యేదాకా ఎవడు చెప్పినా మళ్లీ లైనులోకి పోదు. పోతే బాయిలర్ పేలుతుంది, మనుషులు చస్తారు. ఆ పద్ధతే నేను ఇక్కడికి తెచ్చాను. లక్ష్మి బొట్టుబిళ్లల అట్ట ఒకటి జేబులో పెట్టుకుని, పాడైన గడియారం వెనకాల ఒక ఎర్ర బొట్టు అంటించేవాణ్ని. "నా బొట్లన్నీ గడియారాలకే పెడితివి, ఇగ వాటినే పెండ్లి జేసుకో" అనేది ఆమె. మా వాళ్లందరికీ తెలిసిన గుర్తు అది. బొట్టు ఉంటే ఆ గడియారాన్ని ఎవరూ ముట్టరు.

తొమ్మిదో నంబరుకు బొట్టు పెట్టి రెండేళ్లయింది. దాని కుడివైపు జెండా దాదాపు ఒక నిమిషం ముందే పడేది. బాగుచేయడం నాకు చేతకాక కాదు, ఒక పూట పని. రేపు చేద్దాం, మాపు చేద్దాం అని నాన్చాను.

చివరి రౌండు

రెండు వేల నాలుగులో పోటీ మా నాచారంలోనే, ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. మా సెక్రటరీ భూపాల్ అన్న హడావిడి మనిషి. మంచివాడే, కానీ ముఖ్య అతిథి వస్తున్నాడంటే ఒళ్లు తెలిసేది కాదు. చీఫ్ ఆర్బిటర్‌గా కోస్తా వైపు నుంచి రామ్మూర్తి గారు వచ్చారు. నేను ఆయన కింద డిప్యూటీని. ఈ పనిలో నాకు తెలిసిన మంచి చాలావరకు ఆయన దగ్గర నేర్చుకున్నదే. కుర్చీలో కూర్చున్న ఆర్బిటర్‌ను చూస్తే ఆయనకు ఒళ్లు మండేది.

ఆడవాళ్ల విభాగంలో ముందున్న అమ్మాయి పేరు రూతు. నాచారంలోనే ఒక మందుల కంపెనీ ప్యాకింగ్ సెక్షన్‌లో కాంట్రాక్టు కార్మికురాలు. చర్చి వెనక గదిలో ఆట నేర్చుకుందట. చివరి రౌండులో డ్రా చేసుకున్నా చాలు, టైటిల్ ఆమెదే. ఆ పొద్దున చాయ్ దగ్గర నన్ను చూసి దగ్గరికి వచ్చింది.

"సార్, గెలిస్తే పర్మినెంట్ జేస్తమన్నరు సార్. మా కంపెనీ జీఎం సారే నోటితోని చెప్పిండు."

"కాగితం మీద రాసిచ్చిండా?" అన్నాను.

"ఛాంపియన్ కప్పు గొంటబోతే రాయక ఏం జేస్తడు సార్?" అని నవ్వింది. ఏడేళ్లుగా కాంట్రాక్టులో ఉందట. ప్రతి మూడు నెలలకూ ఉంచుతారో తీసేస్తారో తెలియని బతుకు.

రౌండు మొదలు కావడానికి ముందు ఒక గడియారం బల్ల మీంచి పడి అద్దం పగిలింది. అంతవరకు బాగున్నవి సరిగ్గా సరిపోయేటన్ని. ఇప్పుడు ఒకటి తక్కువ. భూపాల్ అన్న పరుగెత్తుకొచ్చాడు.

"స్వామీ, చీఫ్ గెస్ట్ సార్ ఉప్పల్ రింగ్ రోడ్ దాటిండంట. గడియారం లేని టేబుల్ కనబడితే ఇజ్జత్ పోతది. ఆ సంచిల ఉన్నది పెట్టు."

"అన్నా, అది బొట్టు పెట్టింది."

"తీసెయ్ ఆ బొట్టు. ఒక్క రౌండే గదా. ప్లేయర్లు సూస్తే లొల్లి జేస్తరు."

తీశాను. ఫ్యాక్టరీలో మేనేజరు మెడ మీద కత్తి పెట్టినా ట్యాగు విప్పేవాణ్ని కాదు. ఇక్కడ ఇది ఆటే కదా అనుకున్నాను. ఎవరికీ ఏ ఆశా లేని చిట్టచివరి టేబుల్ మీద దాన్ని పెట్టాను. అక్కడ ఇద్దరూ పది నిమిషాల్లో డ్రా చేసుకుని లేచిపోయారు. హమ్మయ్య అనుకుని, ఆ గడియారం తెచ్చి నా బల్ల మీద పెట్టుకున్నాను.

గంట గడిచాక రూతు చెయ్యెత్తింది. ఆమె బల్ల మీది గడియారం నడవడం మానేసింది. స్ప్రింగు పట్టేసింది. ఇలాంటప్పుడు వేరే గడియారం తెచ్చి, ఇద్దరికీ గడిచిన సమయం లెక్కకట్టి ముళ్లు తిప్పి పెట్టాలి. నా బల్ల మీద ఖాళీగా ఉన్నది ఒక్కటే. తీసుకెళ్లి పెట్టాను. ముళ్లు తిప్పాను, రామ్మూర్తి గారు చూసి తలూపారు. వెనకాల బొట్టు ఉండి ఉంటే నా చెయ్యి దాని మీదికి పోయేదే కాదు. బొట్టు లేదు కాబట్టి నా బుర్రకు అది మామూలు గడియారమే అయిపోయింది. ఒట్టేసి చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు గుర్తు రాలేదు. ఇంతవరకు పొరపాటు. దీన్ని ఎవరైనా క్షమిస్తారు.

రూతు కుడివైపు కూర్చుంది.

ఆమెకు ఒక బంటు ఎక్కువ ఉంది. ఆట చేతిలోనే ఉంది. ఎదురుగా వేరే రాష్ట్రం నుంచి, ఒక పెద్ద ప్రభుత్వ కర్మాగారం నుంచి వచ్చిన క్లర్కు, రూతు కంటే అర పాయింటే వెనక. ఇద్దరికీ సమయం తరిగిపోతోంది. ముప్పై తొమ్మిది ఎత్తులయ్యాయి. రూతు నలభయ్యో ఎత్తుగా ఏనుగును జరిపి, చెయ్యి గడియారం వైపు చాపింది. చెయ్యి చేరేలోగా జెండా పడింది. అవతలి అమ్మాయి "ఫ్లాగ్" అంది. ఆమె అనాల్సిందే అంది, ఆమె తప్పేం లేదు.

రూతు గడియారాన్ని రెండు చేతులా పట్టుకుని చూసింది. "సార్, ముల్లు ఇంక పన్నెండు మీదికి రాలే సార్. సూడుండ్రి."

ఆమె చేతుల్లోంచి గడియారం తీసుకున్నాను. వెనక్కి తిప్పాను. చెక్క మీద గుండ్రంగా బొట్టు జిగురు మరక, దాని చుట్టూ దుమ్ము. అది తొమ్మిదో నంబరు.

రామ్మూర్తి గారు వచ్చారు. "గడియారం బాగానే ఉందా స్వామీ?" అని అడిగారు. ఆయన ఆ మధ్యాహ్నమే నన్ను పై స్థాయి ఆర్బిటర్‌గా సిఫార్సు చేస్తానని చెప్పారు. అది గుర్తొచ్చింది. నిజం ఒప్పుకుంటే మొత్తం పోటీ అల్లరిపాలవుతుందని కూడా అనిపించింది. కానీ అసలు కారణం భయం. నా పరువు గురించి భయం.

"బాగానే ఉంది సార్" అన్నాను.

నేను ఇచ్చిన సలహా

అదే ఆఖరు అయినా బాగుండేది. రూతు హాలు బయట మెట్ల మీద కూర్చుని, అప్పీలు రాయడానికి కాగితం అడిగింది. అప్పీలు రాస్తే కమిటీ కూర్చుంటుంది, గడియారాన్ని పరీక్షిస్తుంది. పరీక్షిస్తే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. నేను ఆమె పక్కన కూర్చున్నాను. ఊరివాణ్ని, తెలిసినవాణ్ని, గడియారాల మెకానిక్‌ని.

"రాయకమ్మా. జెండా పడితే పడ్డట్టే. ముల్లు పక్కనుంచి చూస్తే అట్లనే కనబడతది. రాస్తే నీకే చెడ్డపేరు" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. "మీరు గూడ గట్లనే అంటున్నరా సార్? అయితే నాదే లేటు అయ్యుంటది" అంది. కాగితం మడిచి నాకే తిరిగి ఇచ్చింది.

పిల్లలూ, ఆర్బిటర్ పొరపాటు చేస్తే ఆట ఒకటి పాడవుతుంది. దాన్ని దాచుకుంటే ఒక మనిషి బతుకే పాడవుతుంది. నా పక్కన కూర్చుని ఆమె నన్ను నమ్మింది. అంతకంటే నీచమైన పని నేను జీవితంలో చేయలేదు.

వారం తిరక్కుండా బోర్డు మీద ఆ క్లర్కు పేరు రాశాను. అక్షరాలు చక్కగానే వచ్చాయి. ఆ ఏడాది చివర్లో రూతు కాంట్రాక్టు పొడిగించలేదని ఎవరో చెప్పారు. తర్వాత ఆమె ఏ పోటీకీ రాలేదు.

గది ఖాళీ చేసిన రోజు

రాష్ట్రం వచ్చిన ఏడు ఉప్పల్ గది ఖాళీ చేయాల్సి వచ్చింది. సంఘం రెండు ముక్కలైంది. ఫ్యాక్టరీలే లేకపోతే ఫ్యాక్టరీల పోటీ ఎక్కడిది, ఆ పోటీ కూడా అంతకుముందే ఆగిపోయింది. కింద వీధిలో గులాబీ రంగు చల్లుకుంటూ డప్పులు కొడుతున్నారు. భూపాల్ అన్న బాగా ముసలివాడయ్యాడు. "బోర్డు నువ్వు గొంటబో స్వామీ, నీ చేతి రాతే గదా. ఆ పాత గడియారాలు గూడ గొంటబో, పాత సామాన్లోనికి ఎయ్యి" అన్నాడు.

సంచిలో తొమ్మిదో నంబరు కనబడింది. ఇంటికి తెచ్చి కీ ఇచ్చి, నా చేతి గడియారం పక్కన పెట్టి చూశాను. నలభై ఎనిమిది సెకన్లు ముందే పడింది. మళ్లీ చూశాను. మళ్లీ అంతే. లక్ష్మికి ఆ రోజు అంతా చెప్పాను. ఆమె నన్ను ఎగతాళి చేయలేదు. "ఆ పిల్ల యాడుంటదో కనుక్కో" అంది, అంతే.

దమ్మాయిగూడ

వాళ్ల చర్చి వాళ్లను అడిగితే తెలిసింది. రూతు దమ్మాయిగూడలో ఒక కొత్త కాలనీలో ఉంటోంది, అక్కడే ప్రైవేటు స్కూల్లో ఆయా. ఆదివారం ప్రార్థన అయ్యాక వెళ్లాను. బోర్డును దుప్పట్లో చుట్టి ఆటోలో తీసుకెళ్లాను. రంగు డబ్బా, బ్రష్షు కూడా. పాత పేరు చెరిపి ఆమె పేరు రాద్దామని నా ఆలోచన. పదేళ్ల పాపం పావుగంటలో కడిగేసుకుందామని.

ఆమె జుట్టు అప్పటికే సగం నెరిసింది. నన్ను గుర్తుపట్టి కుర్చీ వేసింది, చాయ్ పెట్టింది. నేను తాగకముందే అంతా చెప్పేశాను. బొట్టు, జిగురు మరక, "బాగానే ఉంది సార్" అన్న మాట, మెట్ల మీద ఇచ్చిన సలహా. గడియారం ఆమె ముందు పెట్టి, కీ ఇచ్చి, జెండా పడడం చూపించాను.

ముల్లు వెనక్కి తిప్పి, జెండా పడడం ఆమె తనే ఇంకోసారి చూసింది.

"నా చెయ్యే నిదానం అనుకున్న సార్ ఇన్నేండ్లు," అంది. "నాకు ఆట అచ్చిరాదని ఇడిసిపెట్టిన. పొయ్యి మీద బియ్యం పెట్టినా, స్కూల్ బెల్ గొట్టినా, నాకు లేటే అయిందని గుండె దడదడ గొట్టుకుంటది. గిది గడియారం తప్పా?"

"గడియారం తప్పు కాదమ్మా. నా తప్పు" అన్నాను.

బోర్డు విప్పి, రంగు డబ్బా తీశాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆమె పేరు ఎందుకు గొట్టేస్తరు సార్? ఆమె ఏం జేసింది? నా పేరు రాస్తే పక్కన కంపెనీ పేరు గూడ రాయాలె గదా. ఆ కంపెనీ నన్ను ఎన్నడు మాది అన్నది?"

నేను డబ్బా మూత పెట్టేశాను. కన్నీళ్లొచ్చాయి, తుడుచుకున్నాను. ఆమె ఓదార్చలేదు. ఓదార్చాల్సిన పని ఆమెకు లేదు.

"గది గాదు సార్. ఒక్కటి చెప్పుండ్రి. నా తర్వాత ఈ గడియారానికి బొట్టు మళ్ల పెట్టిన్రా?"

"లేదమ్మా."

"ఎందుకు?"

"పెడితే అందరికీ తెలిసిపోయేది."

"అంటే నడిపిన్రు."

"డిజిటల్‌వి వచ్చేదాకా. మూడేళ్లు. మన పోటీలు, స్కూలు పోటీలు."

ఆమె లేచి గడియారాన్ని నా సంచిలో పెట్టింది. "నన్ను ఎతుక్కుంట వచ్చిన్రు గదా సార్," అంది, "వాళ్లను గూడ ఎతుకుండ్రి. వాళ్లు గూడ నా లెక్కనే అనుకుంటుంటరు."

ఇంటికి వచ్చి పాత ఫలితాల కాగితాలన్నీ ముందేసుకున్నాను. ఎవరు గెలిచారో ఉంది, ఎన్ని ఎత్తులో ఉంది. ఏ బల్ల మీద ఏ గడియారం పెట్టామో ఒక్క కాగితంలోనూ లేదు. ఆ గడి గీయాలని మాకు ఎన్నడూ తోచలేదు. మీరు గీయండి. పాడైన గడియారానికి గుర్తు పెట్టండి, పెట్టిన గుర్తును ఎవరు చెప్పినా తీయకండి. కొత్తవాళ్లకు నేను చెప్పేది ఇంతే.

మిగతాది వాళ్ల కోసం. ఉప్పల్, నాచారం చుట్టుపక్కల ఆ మూడేళ్లలో ఏదో ఒక పోటీలో కుడివైపు కూర్చుని, ఇంకా సమయం ఉందనుకుంటుండగా జెండా పడి మీరు ఓడిపోయి ఉంటే, ఆ తర్వాత నా చెయ్యి నిదానం, నాకు ఈ ఆట అచ్చిరాదు అనుకుని మానేసి ఉంటే, ఆ రోజు మీరు ఆలస్యం చేయలేదేమో.